మూత తీయని సీసా

క్రితం వారం చదవనివాళ్ళకి నాలుగు ముక్కలు చెబుతాను. చదివినవాళ్ళు కాస్త ఓపిక పట్టండి. ఆ వానలో మళ్ళీ ఒక్క నిమిషం తడవక తప్పదు.

ఆదివారం కురోసె మైదానంలో శరత్కాలపు కప్పు పందెం జరిగింది. కుండపోత వాన. ఆఖరి మలుపులో మూడు గుర్రాలు భుజాలు రాసుకుంటూ వచ్చాయి. కంచె పక్కన, లోపలి వరసలో మన ఇనామురా కాన్జీ. నడుమ మొరియో, ఇరవై రెండేళ్ళవాడు. ఉషికుబో గురువుగారి లాయంలోనే కాన్జీ తర్వాత పని నేర్చుకున్నవాడు, కాన్జీకి సొంత తమ్ముడికన్నా ఎక్కువ. బయటి వరసలో కనమారి, జాకీల సంఘానికి పెద్ద. మలుపు దాటి బయటపడినవి మాత్రం రెండు గుర్రాలే. మొరియో గుర్రం ముందుకాళ్ళు మడుచుకుని బొక్కబోర్లా పడింది. వెనకొచ్చిన ఐదు గుర్రాలూ దాన్నీ, వాణ్నీ తొక్కుకుంటూ పోయాయి.

ముందు గీత దాటింది కాన్జీయే. దాటాడో లేదో నీలం దీపం వెలిగింది. ఆ దీపం వెలిగిందంటే పందెం తీర్పు చెప్పే స్టీవర్డ్లు విచారణకి కూర్చున్నారని, గెలుపు ఇంకా గెలుపు కాదని. మలుపు దగ్గర బురుజు మీదున్న కెమెరాలోకి వాననీళ్ళు దూరి బొమ్మ పడలేదు. ఇక మిగిలినవి రెండే సాక్ష్యాలు. బురుజు మీది మనిషి కళ్ళు, కనమారి నోరు. రెండూ ఒకే మాట చెప్పాయి, ఇనామురా బయటికి జరిగి మొరియో గుర్రానికి అడ్డం వచ్చాడని. పావుగంటలో పెద్ద స్టీవర్డు కసుయా తీర్పు చెప్పేశాడు. కాన్జీ గెలుపు రద్దు చేశారు. కప్పు కనమారికి వెళ్ళింది.

కాన్జీ మీద పందెం కాసినవాళ్ళు ఊరుకుంటారా? టిక్కెట్ల గదులు తగలబెట్టారు. పోలీసు జీపుని బోర్లా తోశారు. స్టీవర్డ్ల గదికి ఒక్క అద్దం మిగల్లేదు, కసుయాకి రెండు పక్కటెముకలు విరిగాయి. ఎవడో విసిరిన సీసా గురితప్పి కాన్జీ నుదుటికే తగిలింది, కనుబొమ్మ మీద ఏడు కుట్లు పడ్డాయి.

మూడు రోజులైంది. మొరియో ఇంకా కళ్ళు తెరవలేదు. శుక్రవారం పట్నంలో మళ్ళీ విచారణ. ఆదివారం తీర్పే ఖాయమైతే కాన్జీ లైసెన్సు రద్దవుతుంది, ఒక నెలకో ఏడాదికో కాదు, బతికున్నంత కాలానికీ. ముప్పై నాలుగేళ్ళ మనిషికి గుర్రం తప్ప మరో పని చేతకాదు. "నేను జరగలేదు. జరిగింది కనమారి. మొరియోని తెచ్చి నా మీదికి నెట్టాడు," అని మూడు రోజులుగా కనపడ్డవాడికల్లా చెబుతున్నాడు. అలా చెబుతూ బుధవారం మధ్యాహ్నానికొచ్చాడు. ఇక చదవండి.

*

లాయం వెనక గుర్రాల్ని కడిగే చోట, తిరగేసిన బాల్చీ మీద కూర్చుని కాన్జీ తన రికాబులకి, అంటే గుర్రం మీద పాదాలు మోపే ఇనప కడియాలకి, నూనె పట్టిస్తున్నాడు. పందేలు లేకపోయినా చేతులకి పని కావాలి, లేకపోతే అవి వెళ్ళి ఎవడి పీకో పట్టుకునేలా ఉన్నాయి.

ఆ రికాబులు ఎర్రవి. కురోసెలో అలాంటివి ఇంకెవరికీ లేవు. అతని తండ్రి లక్కపూత పనివాడు. గిన్నెలకీ పెట్టెలకీ పూత వేసిన చేత్తోనే, కొడుకు మొదటిసారి గెలిచిన ఏడాది, ఆ ఇనప రికాబులకి ముప్పైసార్లు పూత వేసి, ఆరబెట్టి, అరగదీసి, మళ్ళీ పూసి ఇచ్చాడు. మైదానంలో జనం కాన్జీని "ఎర్రకాళ్ళోడు" అని పిలిచేది అందుకే. తండ్రి పోయి నాలుగేళ్ళయింది. మళ్ళీ పూత వేసే దిక్కులేక అక్కడక్కడా పెచ్చులూడాయి. ఎడమ రికాబు బయటి అంచున గోరంత మేర కొత్తగా ఊడింది. "నాన్న చూస్తే చెవి మెలేసేవాడు," అనుకుని ఆ చోట కూడా నూనె పట్టించాడు.

అప్పుడొచ్చాడు సాకే, అంటే బియ్యపు సారా అమ్మే కొట్టు ముసలాయన, సైకిలు నడిపించుకుంటూ.

"కాన్జీ గారూ, సీసా బావుందా? మీ పేరు నేనే రాశాను కుంచెతో. చెయ్యి కాస్త వణికింది, ఏమీ అనుకోకండి."

"ఏ సీసా?"

"భలేవారే! మొరియో గారివాళ్ళకి ఇవ్వాలని మీ గురువుగారు పొద్దున్నే వచ్చి తీసుకెళ్ళారుగా. పెద్దది. తెల్లకాగితం చుట్టి, మీ పేరు పెట్టి."

కాన్జీ చేతిలో గుడ్డ జారిపోయింది.

ఆ సీసా అంటే ఏమిటో కురోసెలో పుట్టినవాడికి ఎవరూ చెప్పక్కర్లేదు. పందెంలో ఒకడు ఇంకొకణ్ని పడేస్తే, పడేసినవాడు తన పేరు రాసిన సాకే సీసా పట్టుకెళ్ళి, మోకాళ్ళ మీద కూర్చుని, తల నేలకి ఆనిస్తాడు. దెబ్బతిన్నవాడో, వాడి తరఫువాళ్ళో మూత తీసి పోశారంటే గొడవ అక్కడితో సరి. ఆ తర్వాత స్టీవర్డ్ల ముందైనా సరే, దేవుడి ముందైనా సరే, ఎవరూ నోరెత్తకూడదు. మూత తీయనంతవరకూ మాత్రం మాట మిగిలే ఉంటుంది. తప్పు చెయ్యనివాడు సీసా పంపడు. సీసా పంపినవాడు తప్పు చెయ్యలేదంటే కుక్క కూడా నమ్మదు.

"ఎంతసేపైంది?"

"ఇప్పుడేనండీ. మీ గురువుగారూ, కనమారి గారూ భోజనాల గదిలోకి వెళ్తుంటే చూశాను. మొరియో గారి తరఫున ఫుకియమ్మ కూడా ఉంది. ఇవాళే మూత తీయిస్తారంటగా? మంచిదండీ, మనుషులన్నాక..."

ముసలాయన మాట పూర్తికాకముందే కాన్జీ బాల్చీని తన్నుకుంటూ లేచాడు. రికాబులు మట్టిలో పడ్డాయి. ఎప్పుడూ నేలమీద పెట్టని రికాబులు!

*

భోజనాల గదిలో ఇనప పొయ్యి మండుతోంది. దానిమీద కెటిల్ మరుగుతోంది. బల్ల దగ్గర ఉషికుబో గురువుగారు. డెబ్బై ఏళ్ళ మనిషి, గుర్రం తన్ని ఒక మోకాలు వంగదు, ఆ కాలు చాపుకుని కూర్చున్నారు. ఎదురుగా కనమారి, కోటూ టై కట్టుకుని పెద్దమనిషిలా ఉన్నాడు. సంఘం పెద్ద కాబట్టి సాక్షిగా వచ్చాడు. వాళ్ళకి అడ్డంగా, తల వంచుకుని, మొరియో అక్క ఫుకియె. తల్లీ తండ్రీ లేని ఆ ఇద్దరినీ గురువుగారే పెంచారు. ఆమె ఆ లాయంలో వంటా చేస్తుంది, గుర్రాలకి దాణా కూడా పెడుతుంది. బల్ల నడుమ తెల్లకాగితం చుట్టిన సీసా. దానిమీద వణికిన అక్షరాలతో ఇనామురా కాన్జీ అని రాసి ఉంది.

కాన్జీ చెప్పులు విప్పకుండానే లోపలికొచ్చాడు.

"గురువుగారూ, అది తీసెయ్యండి."

"చెప్పులు విప్పు ముందు," అన్నారు గురువుగారు.

"నేను చెయ్యని తప్పుకి నా పేరుతో సీసానా? నన్ను అడగనైనా అడగలేదు మీరు!"

"అడిగితే ఒప్పుకుంటావా? ఒరేయ్ కాన్జీ, కూర్చో. కూర్చోరా బాబూ. నేను కసుయాతో మాట్లాడి వచ్చాను. ఆసుపత్రి మంచం మీద పడుకుని కూడా ఆయన మర్యాదగానే మాట్లాడాడు. ఈ సీసా మూత తీస్తే శుక్రవారం ఆరు నెలలతో సరిపెడతానన్నాడు. ఆరు నెలలురా! కళ్ళు మూసుకుంటే అయిపోతాయి. తీయకపోతే నీ లైసెన్సు పోతుంది. నువ్వు బజార్లో చేపలమ్ముకుంటావా?"

"అమ్ముకుంటా. మొరియోని పడేసినవాడిగా మాత్రం గుర్రం ఎక్కను."

ఫుకియె తలెత్తింది. మూడు రోజులు ఆసుపత్రి వరండాలో కూర్చున్న కళ్ళు అవి, వాచిపోయి ఉన్నాయి. "కాన్జీ అన్నా, నువ్వు చెయ్యలేదని నాకు తెలుసు. వాడికి కళ్ళెం పట్టడం వచ్చినప్పటినుంచీ నీ వెనకే తిరిగాడు. నువ్వు చెయ్యవు. కానీ గురువుగారు అంటున్నారు కదా, నీ మంచికేనని..."

"తెలిస్తే ఎలా ఉంటుందమ్మా?" అన్నాడు కనమారి, టీ కప్పు దింపుతూ. గొంతు పెంచలేదు. "చూసినవాణ్ని నేను. వీడు జరిగాడు. కావాలని జరిగాడని అనను. సందు కనపడింది, జరిగాడు. మేమందరం ఎప్పుడో ఒకప్పుడు జరిగినవాళ్ళమే. ఒప్పుకోవడానికి గుండె కావాలి."

"నువ్వు జరిగి, నేను ఒప్పుకోవాలా?"

"ఏరా ఇనామురా, గుర్రం ఎక్కడం మీ గురువుగారు నేర్పారు. దిగడం ఎవరూ నేర్పినట్టు లేదు."

ఆ మాటకి కాన్జీకి ఒళ్ళు మండిపోయింది. నిజానికి మూడు రోజులుగా మండుతూనే ఉంది, కనమారి దానిమీద కాస్త నూనె పోశాడంతే. బల్ల మీదుగా వంగి ఆ టై పట్టుకుని ముందుకి లాగాడు. కనమారి మొహం బల్ల అంచుకి కొట్టుకుంది. ముక్కు విరిగిన చప్పుడు గదిలో అందరికీ వినపడింది. సీసా పడి, దొర్లి, గోడవారకి పోయింది.

"అన్నా! వద్దన్నా!"

ఆపడానికి ఎవరి తరం? కాన్జీ బల్ల దాటేశాడు. కనమారి కూడా చేతులు ముడుచుకు కూర్చునే రకం కాదు. పాతికేళ్ళు గుర్రాల్ని మోకాళ్ళతో నొక్కినవాడు. కాన్జీ నడుముకి కాళ్ళు మెలేసి కింద పడేశాడు, కనుబొమ్మ మీద కుట్లని గురిచూసి మరీ గుద్దాడు. ఏడు కుట్లలో నాలుగు తెగాయి. కాన్జీ కంట్లోకి వేడిగా నెత్తురు దిగింది, ఒక పక్కంతా ఎర్రబడింది. ఆ ఎర్రలోనే చెయ్యి చాచి, అందిన పింగాణీ గిన్నె తీసుకుని కనమారి దవడమీద పగలగొట్టాడు. పన్ను ఒకటి ఎగిరి పొయ్యి కింద బూడిదలో పడింది.

కెటిల్ బోర్లాపడి మరిగే నీళ్ళు నేలంతా పారాయి. కనమారి చెయ్యి ఆ నీళ్ళలో పడింది, కెవ్వుమన్నాడు. కాన్జీ ఆ చేతినే మోకాలితో తొక్కి పట్టాడు.

"చెప్పు! నువ్వే జరిగావని చెప్పు!"

"జరగ...లేదు."

"చెప్పు!" మళ్ళీ కొట్టాడు. "మొరియో వెన్నెముక విరిచి, కప్పు పట్టుకుని ఫొటో దిగావు కదరా! చెప్పు!"

గురువుగారు చీపురుకర్ర తీసుకుని వీపుమీద వేశారు. ఒకటి, రెండు, మూడు. వెదురు చీలింది. కాన్జీకి తెలిస్తేగా! నాలుగోది మెడమీద పడ్డాక గానీ చెయ్యి ఆగలేదు. అప్పటికి కనమారి మొహం మొహంలా లేదు. కళ్ళు రెండూ వాచి మూసుకుపోయాయి, నోట్లోంచి నెత్తురు బుడగలుగా వస్తోంది.

"చంపేశావురా!" అన్నారు గురువుగారు. చీలిన కర్ర అవతల పారేశారు. "కొడుకులాంటివాడివనుకున్నాను. ఆరు నెలలతో పోయేదాన్ని జైలుదాకా తెచ్చుకున్నావు."

"జైలుకి పోతాను గురువుగారూ. నిజం బయటపడ్డాక పోతాను." కాన్జీ రొప్పుతూ గోడకి ఆనుకున్నాడు. అప్పుడు తట్టింది అతనికి. ఇన్నాళ్ళూ ఎందుకు తట్టలేదో గానీ, కొట్టుకున్నాక, ఒళ్ళంతా ఖాళీ అయ్యాక తట్టింది. "బూట్లు! మొరియో బూట్లు ఏవి?"

ఫుకియె పక్కగదివైపు చూసింది.

"బూట్లు చెప్తాయి. వినండి. మొరియో నా పక్కన, నాకు ఎడమవైపు ఉన్నాడు. నేను జరిగి గుద్ది ఉంటే నా రికాబు వాడి కుడి బూటుకి గీసుకోవాలి. కనమారి గుద్ది ఉంటే వాడి రికాబు మొరియో ఎడమ బూటుకి గీసుకోవాలి. అంత జోరులో రికాబు ఇనుము తగిలితే తోలు చీలక మానదు. కెమెరాకి వాన తగిలింది గానీ, బూటు అబద్ధం చెప్పదు కదా! ఎడమ బూటు చూపించి కసుయా నోరు మూయిస్తాను. కుడి బూటు చీలి ఉంటే..." గోడవారన పడ్డ సీసావైపు చెయ్యి చూపించాడు. "కుడిదే చీలి ఉంటే ఆ సీసా నాదే. ఇక్కడే మోకాళ్ళమీద కూర్చుంటాను. మళ్ళీ జన్మలో గుర్రం తోక ముట్టుకోను. మొరియో మీద ఒట్టు."

కింద పడి ఉన్న కనమారి, చిట్లిన పెదవులతో, "చూడండి," అన్నాడు. "తెచ్చి చూడండి."

భయంలేని గొంతు అది. కాన్జీ విన్నాడు గానీ చెవిన పెట్టలేదు.

"మైదానం డాక్టరుకి ఫోను చేస్తాను ముందు," అని గురువుగారు కుంటుకుంటూ ఆఫీసువైపు వెళ్ళారు. ఆయన వెళ్ళాక ఫుకియె లేచి, పక్కగదిలోంచి నీలంగుడ్డ మూట తెచ్చింది. బిగించి ముడి వేసి ఉంది.

"ఆసుపత్రివాళ్ళు కాళ్ళమీంచి కత్తిరించి తీశారట. ఇచ్చినప్పట్నుంచీ నాకు విప్పబుద్ధి కాలేదన్నా. విప్పితే వాడు పోయినట్టే అనిపించింది." మూట కాన్జీ ఒళ్ళో పెట్టింది. "నువ్వు విప్పు. నువ్వయితే ఫరవాలేదు."

తడిగుడ్డ తీసుకుని కనమారి పక్కన కూర్చుని, అటు తిరిగి, అతని మొహం తుడవసాగింది. తన తమ్ముణ్ని పడేశాడని తను నమ్మిన మనిషిని అలా తుడుస్తోంది, అదీ ఫుకియె.

కాన్జీ ముడి విప్పాడు.

ముందు ఎడమ బూటు తీశాడు. పిక్కమీద నిలువుగా ఆసుపత్రి కత్తెర కోసిన కోత. చీలమండ దగ్గర బురద ఎండి ఉంది. బొటనవేలితో రుద్దాడు. బురద రాలింది. కింద తోలు మెరిసింది. శనివారం సాయంత్రం మొరియో తన పక్కనే కూర్చుని పెట్టిన పాలిషు. గీత లేదు. తిప్పి చూశాడు. మళ్ళీ తిప్పాడు. చిన్న గీతైనా లేదు. ఇది కుడిదేమోనని మడమ వంపు చూసుకున్నాడు. కాదు, ఎడమదే.

దాన్ని కింద పెట్టాడు.

కుడి బూటు తీయకుండా ఉంటే బావుండుననిపించింది. తీశాడు. చీలమండ ఎముక పైన, బయటివైపు, మూడు వేళ్ళ పొడవున తోలు నోరు తెరిచి ఉంది. ఆ తెరిచిన అంచులో ఏదో ఇరుక్కుని ఉంది. గోరంత ఉంది. ఎర్రగా ఉంది.

ఆ ఎరుపు ఎవరికీ తెలియకపోవచ్చు, కాన్జీకి తెలుసు. చిన్నప్పుడు ఆ రంగు కలిపే గదిలోనే పడుకుని నిద్రపోయాడు. ముప్పై పూతల ఎరుపు. తండ్రి చేతి ఎరుపు.

అప్పుడు వాన మళ్ళీ మొదలైంది అతని తలలో. మలుపు. కంచె. ఎదురుగా, మొరియో గుర్రం మెడకి ముందు, ఒకే ఒక్క గుర్రం పట్టేంత సందు. మూడు రోజులుగా అందరికీ చెప్పాడు, కొరడా ఎడమ చేతిలో ఉందని, ఎడమ చేత్తో కొడితే గుర్రం కంచెవైపే పోతుంది కదా అని. తనూ నమ్మాడు, దేవుడి తోడు, పూర్తిగా నమ్మాడు. ఇప్పుడు కుడి అరచెయ్యి చూసుకుంటే, వేళ్ళ మొదళ్ళలో కొరడా పిడి ఒత్తుకున్న కాయ ఇంకా నొప్పిగానే ఉంది. సందు కనపడ్డ క్షణంలో కొరడా కుడిచేతికి మార్చాడు. కుడివైపు కొట్టాడు. గుర్రం బయటికి పోయింది. ఎడమ చీలమండ జివ్వుమంది. మొరియో ఒక్కసారి, "అన్నా!" అన్నాడు.

ఆ అరుపు మూడు రోజులుగా అతనికి గుర్తే లేదు. కనమారి తోస్తే సాయానికి పిలిచినట్టు కూడా కాదు. వద్దనడానికి పిలిచినట్టు.

"ఏ బూటుకుందన్నా?" ఫుకియె ఇటు తిరగకుండానే అడిగింది. "ఎడమదానికేగా?"

పొయ్యి తలుపు తెరిచే ఉంది. లోపల బొగ్గులు ఎర్రగా కణకణమంటున్నాయి. రెండడుగుల దూరం. కాన్జీ పొయ్యి చూశాడు, బూటు చూశాడు. ఆ పెచ్చు లేకపోతే ఈ చీలిక ఎవరిదైనా కావచ్చు. ఐదు గుర్రాలు తొక్కాయి. డెక్కల్లో ఒకటి చీల్చిందంటే కాదనేవాడెవడు? మైదానం, గుర్రం, జనం, ఆ ఎర్రకాళ్ళోడు అన్న పిలుపు, అన్నీ ఒక గోరంత లక్కపెచ్చులో ఉన్నాయి. చెయ్యి తనంతట తనే కదిలింది. బొటనవేలి గోరు ఆ అంచు కిందికి పోయింది. పెచ్చు తేలిగ్గా వచ్చేసింది, ఎదురుచూస్తున్నట్టు.

"తెలీడం లేదమ్మా," అన్నాడు. గొంతు ఎవరిదో లాగ ఉంది. "రెండూ పాడైపోయాయి. తొక్కేశాయి కదా గుర్రాలు."

"అయ్యో," అంది ఫుకియె. ఆ ఒక్కమాటలో ఎంత నిరాశో! అతని గురించే ఆ నిరాశంతా. కనమారి మాత్రం మూసుకుపోయిన కళ్ళని అటే తిప్పి ఉంచాడు.

ఆమె గిన్నెలో గుడ్డ పిండుకుని లేచి వచ్చింది. "నీ చేతులు చూడు ఎలా ఉన్నాయో. ఇలా ఇవ్వు."

"వద్దులే, నేనే కడుక్కుంటా."

"ఇవ్వన్నా. చిన్నప్పుడు నా మోకాళ్ళకి నువ్వు కట్టు కట్టలేదూ?"

కాన్జీ చెయ్యి లాక్కున్నాడు. ఆమె మణికట్టు పట్టుకుని మళ్ళీ ముందుకి తెచ్చుకుంది, మొండిగా, చంటిపిల్లల చెయ్యి పట్టుకున్నట్టు. తుడవడం మొదలుపెట్టింది. ముందు అరచెయ్యి. తర్వాత ఒక్కొక్క వేలూ. కనమారి నెత్తురు, కాన్జీ నెత్తురు, రెండూ కలిసి గుడ్డకి అంటుకుని పోతున్నాయి. చూపుడువేలు శుభ్రమైంది. బొటనవేలి దగ్గరికి వచ్చింది. తుడిచింది. నెత్తురు పోయింది.

గోటి కింద ఎరుపు పోలేదు.

ఇంకోసారి తుడిచింది. గుడ్డ మడతపెట్టి, తడిపి, గట్టిగా తుడిచింది. ఎరుపు తళతళా మెరిసింది. ఎండిన నెత్తురు అలా మెరవదని గుర్రాల గాయాలు కడిగే మనిషికి వేరే చెప్పాలా? ఫుకియె చెయ్యి ఆగిపోయింది. ఆ గోటివైపు చూసింది. అతని ఒళ్ళో ఉన్న కుడి బూటువైపు, దాని తెరిచిన నోటివైపు చూసింది. కిటికీలోంచి బయటికి, గుర్రాల్ని కడిగే చోట మట్టిలో పడి ఉన్న రెండు ఎర్ర రికాబులవైపు చూసింది. చివరికి అతని మొహంలోకి చూసింది.

"ఫుకియే," అన్నాడు.

ఆమె మణికట్టు వదిలేసింది. లేచి తలుపు దగ్గరికి వెళ్ళి గడియ పెట్టింది. అంతలోనే బయట కుంటుకుంటూ వస్తున్న అడుగులు, వెనక ఇంకొకరి అడుగులు. తలుపు మీద తట్టారు. "అమ్మా ఫుకియే, గడియ పెట్టావేమిటి? డాక్టరుగారొచ్చారు. తియ్యమ్మా."

ఆమె తియ్యలేదు. గోడవారకి నడిచి, వంగి, దొర్లిపడి ఉన్న సీసా తీసుకుంది. కాగితం తడిసి చిరిగింది గానీ మూత చెక్కుచెదరలేదు. పోసేవాళ్ళలా సీసాని అడుగు దగ్గర పట్టుకోలేదు. మెడ దగ్గర, దుడ్డుకర్రలా పట్టుకుంది. అలాగే వచ్చి కాన్జీ ముందు నిలబడింది.

కాన్జీ బూటు పక్కన పెట్టి మోకాళ్ళ మీదికి దిగాడు. మరిగి చల్లారుతున్న నీళ్ళు మోకాళ్ళకి తగిలాయి. తలుపు ఇంకా గట్టిగా బాదుతున్నారు.

"తల వంచన్నా," అంది ఫుకియె.